వేరే ఏమైనా పూశారా?

2024 నవంబర్ 18, సోమవారం

ఈ డైరీ కంపెనీలో జనవరిలో ఇచ్చారు. పదకొండు నెలలు బీరువాలో పడి ఉంది. ఈ రోజు తీశాను. ఎవరికి రాస్తున్నానో నాకే తెలియదు.

రుచితకు ఐదు నెలలు నిండాయి. నెల క్రితం చెంపల మీద ఎర్రగా మొదలైంది. ఇప్పుడు మెడ, మోచేతులు, పిక్కలు. చర్మం పగిలి, నీరు కారి, అట్ట కడుతోంది. గోళ్లు కత్తిరించి చేతులకు సాక్సులు తొడిగాం. అయినా ముఖం తెచ్చి నా భుజానికేసి రుద్దుకుంటుంది. నా నైటీల భుజాలన్నీ రక్తపు మరకలే.

మహేంద్ర షిఫ్టు మార్చుకుని వచ్చాడు. అతనూ, నేనూ పాపను తీసుకుని పటాన్‌చెరు వెళ్లి డాక్టర్ నిహారికకు చూపించాం. ఎగ్జిమా అంది. అంటుకునేది కాదు, ఎవరి తప్పూ కాదు, కానీ వారంలో పోయేదీ కాదు అంది. గోరువెచ్చని నీళ్లతో ఐదు పది నిమిషాల్లో స్నానం ముగించాలి. తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ మందంగా పూయాలి, రోజుకు మూడు నాలుగు సార్లు. సబ్బు, పిండి, రుద్దుడు వద్దు. కాటన్ బట్టలే వేయాలి. బాగా ఎర్రబడ్డ చోట మాత్రం ఒక మైల్డ్ క్రీమ్, అదీ ఆమె చెప్పినన్ని రోజులే.

మా ఇస్నాపూర్ గాలి వల్లేనా అని మహేంద్ర అడిగాడు. అతను పాశమైలారంలో మెయింటెనెన్స్‌లో పని చేస్తాడు, ఆ వాసన ఇంటి దాకా వస్తుంది. ఫలానా దాని వల్లే అని చెప్పలేం అంది డాక్టర్.

ఓపిక కావాలమ్మా అని రెండుసార్లు అంది. రెండుసార్లూ నావైపే చూసింది.

నవంబర్ 24

అత్తమ్మ పేరు నర్సింహమ్మ. సదాశివపేట దాటాక ఉన్న వాళ్ల ఊళ్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా నీళ్లు పోయడానికి ఆమెనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా ఆ ఊరి పిల్లలంతా ఆమె చాచిన కాళ్ల మీద పడుకుని ఏడ్చినవాళ్లే. నేను డ్యూటీలో చేరితే పాపను చూసుకోవాలని అక్టోబరులోనే మా దగ్గరికి వచ్చింది.

రుచితకూ నువ్వుల నూనె పట్టించి, శనగపిండి రుద్ది పోసేది. డాక్టర్ చెప్పింది కదా, మానేయండి అని ఎలా చెప్పాలా అని మూడు రోజులు మథనపడ్డాను. చివరికి ఈ ఉదయం చెప్పాను. ఆమె పిండి డబ్బా మూత పెట్టి, పై అరలో పెట్టేసింది.

"డాక్టరమ్మ వద్దన్నంక ఇగ నేనెందుకు పెడ్త బిడ్డా" అంది.

అంతే. నేను అనవసరంగా భయపడ్డాను.

డిసెంబర్ 2

డ్యూటీలో చేరాను. గడ్డపోతారంలో అదే బిల్డింగు, అదే టేబుల్. మందుల డబ్బాల మీది లేబుళ్లు, లోపలి కాగితాలు అచ్చుకు పోయేముందు చదవడం నా పని. డోసులో ఒక్క చుక్క అటూ ఇటూ అయినా బ్యాచ్ ఆగిపోతుంది. ఆరేళ్లుగా అక్షరం అక్షరం చదువుతున్నాను.

ఈ రోజు ఒకే లైన్ నాలుగుసార్లు చదివాను. కళ్లు మూతలు పడుతున్నాయి. పాప గంటకోసారి లేచి గోక్కుంటోంది.

డిసెంబర్ 6

పదిహేనున అన్నప్రాశన. మా పిన్ని వీడియో కాల్ చేసింది. పాప ముఖం చూసి, "ఏందే, పిల్లను గిట్ల చేసినవ్?" అంది.

చేసినవ్ అంది. ఏమైంది అని అడగలేదు.

మైల్డ్ క్రీమ్‌తో తగ్గుతోంది. కానీ నిదానంగా. పదిహేనో తేదీకి ఆ నిదానం సరిపోదు.

డిసెంబర్ 7, సాయంత్రం 6:30

బస్సు దిగి మెడికల్ షాపులోకి వెళ్లాను. పాపకు దురద, ఎరుపు అన్నాను. ఎంత వయసని అతను అడగలేదు. ఒక ట్యూబ్ తీసిచ్చాడు. మా దగ్గర కంపెనీల లేబర్ అంతా ఇదే కొంటారు మేడం, రెండు రోజుల్లో సాఫ్ అయిపోతది అన్నాడు.

నేను చదివాను. ఇక్కడైనా అబద్ధం రాయకూడదు. కౌంటర్ దగ్గరే నిలబడి చదివాను. క్లోబెటసాల్. దానితో పాటు ఫంగస్ మందు ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి. క్లోబెటసాల్ అంటే ఏమిటో, స్టెరాయిడ్ క్రీముల్లో అది ఎంత బలమైనదో నాకు తెలుసు.

వారం రోజులే కదా అనుకున్నాను. లంచ్ బ్యాగ్ పక్క జిప్పులో పెట్టుకున్నాను.

డిసెంబర్ 10

తగ్గింది. నమ్మలేనంతగా తగ్గింది.

డిసెంబర్ 15, ఆదివారం

పాప చెంపలు పాలమీగడలా ఉన్నాయి. పరమాన్నం నాకి ముఖం చిట్లించింది. అందరూ నవ్వారు. మా ఇల్లుగలామె ఖమరున్నీసా ఆంటీ కింది వాటా నుంచి కుర్చీలన్నీ పైకి పంపింది.

ఊరి నుంచి వచ్చినవాళ్లు పాపను ఎత్తుకుని, నర్సింహమ్మ చేయి పడ్డది గదా, పిల్ల బంగారంలెక్క అయింది అన్నారు. అత్తమ్మ సిగ్గుపడి కొంగుతో నోరు కప్పుకుంది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

నాకూ సంతోషంగానే ఉంది. ఆ సంతోషం గురించే భయంగా ఉంది.

డిసెంబర్ 19

మూడు రోజులు ఆపాను. మునుపటికంటే ఎర్రగా వచ్చింది. చెవుల వెనక కూడా పగిలింది. పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

మళ్లీ పూశాను. ఉదయం అత్తమ్మ నీళ్లు కాగబెట్టేలోపు ఒకసారి. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, పాలిచ్చే నెపంతో గది తలుపు దగ్గరికి వేసి ఒకసారి.

డిసెంబర్ 28

రెండో ట్యూబ్. అదే షాపుకు వెళ్లలేక వేరే షాపుకు వెళ్లాను.

2025 జనవరి 4

ఖమరున్నీసా ఆంటీ పాప బుగ్గలు పట్టుకుని, "క్యా గాలాం హైఁ! ఏం పెడ్తున్నవ్ చంద్రికా, జెర మా కోడలికి గూడ చెప్పు" అంది.

నిజమే. ముఖం గుండ్రంగా అయింది. మెడ కనబడటం లేదు. మహేంద్ర ఫోటోలు తీసి వాళ్ల షిఫ్టు గ్రూపులో పెట్టాడు. అత్తమ్మ సాయంత్రం దిష్టి తీసింది.

జనవరి 9, మధ్యాహ్నం 3:10

ఆఫీసులో కూర్చునే రాస్తున్నాను.

రిఫరెన్స్ ఫోల్డర్‌లో వేరే దేశం లీఫ్‌లెట్ ఒకటి వెతుకుతుంటే క్లోబెటసాల్ క్రీమ్ లీఫ్‌లెట్ కనబడింది. మా దగ్గర అది తయారు కాదు. మూసేయవచ్చు. చదివాను. ఏడాదిలోపు పిల్లలకు వాడకూడదు. ఎక్కువ రోజులు వాడితే చర్మం పలచబడుతుంది. మందు లోపలికి ఇంకి ముఖం గుండ్రంగా ఉబ్బవచ్చు.

ముఖం గుండ్రంగా.

దిష్టి తీసిన ముఖం అది.

జనవరి 10

ఉదయం వెలుతురులో పాపను బట్టల్లేకుండా చూశాను. తొడల మడతల్లో చర్మం ఉల్లిపొర లాగా ఉంది. కింద సన్నటి ఎర్రటి నరాలు. నుదుటి మీద నూగు పెరిగింది. ఇన్ని రోజులు నా కళ్లు ఎక్కడ పెట్టాను?

మహేంద్రకు చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి పాలు పొంగాయి. ఇంకోసారి ఏమీ పొంగలేదు. నేనే ఊరుకున్నాను. ఆపితే మళ్లీ లేస్తుందని సాయంత్రం మళ్లీ పూశాను.

జనవరి 18, శనివారం

దీన్ని వదలకుండా రాయాలి.

టీకా కోసం పాపను తీసుకెళ్లాం. ఈసారి అత్తమ్మ కూడా ఉంది. డాక్టర్ నిహారిక పాపను బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు చూసింది. బరువు చూసింది, పొడవు కొలిచింది. బరువు బాగా పెరిగింది, పొడవు మాత్రం నవంబరులో ఉన్నంతే ఉంది అంది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"నేను రాసిచ్చినవి కాకుండా వేరే ఏమైనా పూశారా?" అని అడిగింది.

లంచ్ బ్యాగ్ నా భుజానికే ఉంది.

"లేదు మేడం" అన్నాను.

ఏ ఆయింట్‌మెంటూ? మెడికల్ షాపు నుంచి ఏమీ? మళ్లీ అడిగింది. మళ్లీ లేదన్నాను. అప్పుడు స్నానం ఎవరు చేయిస్తారని అడిగింది. అత్తమ్మ నేనే అంది. ఏం వాడతారు అంటే, మొదట్లో నూనె, శనగపిండి పెట్టేదాన్ని, డాక్టరమ్మ వద్దన్నదని కోడలు చెప్పినప్పటి నుంచి ముట్టలేదు అంది. చెప్పి, నావైపు చూసింది. అవును కదా అని నేను అంటానని.

నేను పాప సాక్సు సరిచేస్తూ ఉండిపోయాను.

మహేంద్ర తల్లివైపు తిరిగాడు. పిండి ఇంకా రుద్దుతున్నవా అమ్మా అన్నాడు. ఆమె లేదు రా అంది. మరి పిల్ల తోలు గిట్లెందుకైంది అన్నాడు, అందరి ముందూ. డాక్టర్ అతన్ని ఆపి, ఇది పిండి వల్ల వచ్చినట్లు లేదు, సోమవారం ఉదయం రక్తపరీక్షకు తీసుకురండి, ఇంట్లో పాపకు వాడేవన్నీ ఒక సంచిలో వేసుకురండి అంది. మహేంద్ర ఆ మాట విన్నాడో లేదో. బయటికి రాగానే మళ్లీ మొదలుపెట్టాడు.

జనవరి 19

"నీ పాత పద్ధతులు ఊళ్లె పెట్టుకో. నా బిడ్డ మీద చేయకు."

మహేంద్ర తల్లితో అన్న మాట. నేను వంటింట్లో ఉన్నాను. గోడ అవతల కాదు, నాలుగడుగుల దూరంలో.

జనవరి 20, ఉదయం

అత్తమ్మ వెళ్లిపోయింది. ఖమరున్నీసా ఆంటీ మెట్ల దగ్గర ఆపి ఎందుకమ్మా అంటే, ఊళ్లో కందులు కొట్టే పని ఉందని చెప్పింది. పాపను ముద్దు పెట్టుకోలేదు. పాదం ఒకటి పట్టుకుని వదిలింది.

రక్తపరీక్షకు వెళ్లలేదు. ఆఫీసులో ఆడిట్ ఉంది, వచ్చే వారం వెళదాం అని మహేంద్రతో చెప్పాను. అది రెండో అబద్ధం.

ట్యూబ్ వాడటం ఈ రోజు నుంచి పూర్తిగా బంద్. ఇక ఎప్పటికీ ముట్టను. ఎవరికీ తెలియకుండానే అంతా సర్దుకుంటుంది.

జనవరి 23

ఒళ్లంతా మంటలా లేచింది. లీవు పెట్టాను. మాయిశ్చరైజర్ పూస్తే కూడా అరుస్తోంది.

జనవరి 24

జ్వరం. జలుబు అనుకుంటున్నాం. ఏడవడం తగ్గింది. హాయిగా పడుకుంటోందని మహేంద్ర అన్నాడు.

జనవరి 25, ఉదయం 11:40

ఆసుపత్రి వరండా. డైరీ ఎందుకు తెచ్చానో తెలియదు, బ్యాగులో ఉంది.

ఎనిమిదికి పాలు కక్కింది. మళ్లీ కక్కింది. ఎత్తుకుంటే తల నిలవలేదు, చేతులు వేలాడాయి. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. ఖమరున్నీసా ఆంటీ కొడుకు మజహర్ కారులో తీసుకొచ్చాడు. రుద్రారం దగ్గర ట్రాఫిక్ లేకుండా పోయింది, లేకపోతే, అని ఆలోచించడం ఆపాను.

డాక్టర్ నిహారిక ఇక్కడికి కూడా వస్తుంది. పాపను చూడగానే గ్లూకోజ్ పెట్టమంది, నా చేయి పట్టుకుని పక్కకు లాగింది.

"పోయినసారి అడిగాను. ఇప్పుడు టైం లేదు. ఏం పూశారు?"

లంచ్ బ్యాగ్ జిప్పు తీశాను. మూడో ట్యూబ్. సగం అయిపోయింది. ఆరు వారాలకు పైగా, రోజుకు రెండుసార్లు, ముఖానికి, మెడకు, మడతలకు, సోమవారం ఆపేశాను అని చెప్పాను. లేబుల్ చదివినట్లు చెప్పాను. నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినబడింది.

ఆమె ట్యూబ్ చూసి, నర్సుకు ఇంజెక్షన్ పేరు అరిచి చెబుతూ లోపలికి పరుగెత్తింది.

వెనక్కి తిరిగితే మహేంద్ర ఉన్నాడు.

మధ్యాహ్నం 2:15

పాప ఏడ్చింది. గట్టిగా. నర్సు బయటికి వచ్చి, వినబడిందా అంది.

జనవరి 27

డాక్టర్ కూర్చోబెట్టి చెప్పింది. ఒంట్లో రోజూ తయారయ్యే హార్మోన్ ఒకటి ఉంటుంది. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా ఒళ్లు దాని బలంతోనే తట్టుకుంటుంది. అంత గట్టి స్టెరాయిడ్ పలచటి పసిచర్మంలోంచి లోపలికి పోతూ ఉంటే ఒళ్లు తన సొంత హార్మోన్ తయారు చేయడం మానేస్తుంది. మీరు క్రీమ్ ఒక్కసారిగా ఆపేసరికి పాప దగ్గర రెండూ లేకుండా పోయాయి, అదే సమయంలో జ్వరం వచ్చింది అంది. ఇక కొన్ని నెలల పాటు చిన్న మాత్ర నూరి పాలలో ఇవ్వాలి, నెమ్మదిగా తగ్గించాలి. జ్వరం వస్తే డోసు పెంచి వెంటనే తీసుకురావాలి.

ఆ శనివారమే చెప్పి ఉంటే మెల్లగా ఆపించేదాన్ని, ఇక్కడి దాకా వచ్చేది కాదు అంది.

తిట్టలేదు. తిడితే బాగుండు.

ఇంకోటి కూడా చెప్పింది. ఎగ్జిమా ఎక్కడికీ పోలేదు, మళ్లీ ఎర్రబడుతుంది. అప్పుడు నేనిచ్చే మైల్డ్ క్రీమ్‌ను చూసి భయపడి మానేయొద్దు, అదీ స్టెరాయిడే కానీ బలం చాలా తక్కువ, చెప్పిన చోట చెప్పినన్ని రోజులు పూస్తే మేలే చేస్తుంది అంది. సరే మేడం అన్నాను. నా వేళ్లను నేను నమ్మగలనా అని అడగలేదు.

ఫిబ్రవరి 1

ఇంటికొచ్చాం. మహేంద్ర నాతో మాట్లాడటం లేదు. మాత్ర టైముకు నూరుతాడు, పాలు కలుపుతాడు, పాపను ఎత్తుకుని బాల్కనీలో తిరుగుతాడు.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ, "మా అమ్మను నేను ఏమన్ననో నువ్వు వింటనే ఉన్నవ్" అన్నాడు.

విన్నాను అన్నాను.

అత్తమ్మకు ఫోన్‌లో చెబుదామా అని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఊరికి వెళ్లొచ్చాం.

అత్తమ్మ వాకిట్లో చాటతో కందులు చెరుగుతోంది. పాపను చూసి లేచింది, మళ్లీ కూర్చుంది. మహేంద్ర "అమ్మా" అన్నాడు. పాపను ఎత్తుకుని గుమ్మం పక్కన నిలబడిపోయాడు.

నేను కింద కూర్చుని చెప్పాను. ట్యూబ్ కొన్నరోజు నుంచి ఆసుపత్రి దాకా. ఆమె చాట ఆపలేదు. చివరికి వచ్చాక ఆపింది.

"దవాఖానల నీ దిక్కు చూసిన. నువ్వు చెప్తవనుకున్న. ఎందుకంటే నువ్వే గదా వద్దన్నది, నీ ముందటనే గదా డబ్బా మూసిన."

"అవును అత్తమ్మా."

"పిల్ల పానం మీదికొచ్చిందని మహేందర్ మొన్న ఫోన్ల చెప్పిండు. నేను రాలే. నేనొస్తే ఇంకేమైతదో అని రాలే. నా చేతులల్లనే ఏదో ఉన్నదేమో అనుకున్న."

అది విని నేను ఆమె పాదాల మీద చేతులు పెట్టాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను పెట్టలేదని నాకు తెల్వదా? ఊళ్లె తెల్వాలె. కొమురయ్య బిడ్డ కాన్పై పన్నెండొద్దులైంది. నన్ను పిలువలే. కొడుకే ఎల్లగొట్టిండట, మనుమరాలి తోలు ఖరాబ్ చేసిందట అని అనుకుంటున్నరు. ఆడికి నడువు. ఆడ చెప్పు."

వెళ్లాం. నాలుగు ఇళ్ల అవతల. అత్తమ్మ ముందు, నేను వెనక, పాపను ఎత్తుకుని మహేంద్ర. కొమురయ్య వాళ్ల ఇంట్లో ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఉన్నారు. బాలింత మంచం మీద. ఇంకెవరో ముసలామె పిల్లకు నీళ్లు పోసి అప్పుడే తుడుస్తోంది. అత్తమ్మ లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

మా పాపకు నేనే మందు పూసిన అన్నాను. తప్పుడు మందు, డాక్టర్ ఇచ్చింది కాదు. దాచి పూసిన. డాక్టర్ అడిగితే లేదన్న. అత్తమ్మది ఏ తప్పూ లేదు, నా తప్పును ఆమె మీద పడనిచ్చిన. పాప చావు దాకా పోయి వచ్చింది.

ఒక పెద్దావిడ, "సదువుకున్నదానివి గదమ్మా, మందుల కంపెనీలనే చేస్తవట గదా" అంది. అవును అన్నాను. మంచం మీది అమ్మాయి నన్నే చూస్తోంది. ఆమె చూపు జాలిలాగా లేదు. నన్ను చూసి భయపడుతోంది.

తిరిగొచ్చాక అత్తమ్మ అన్నం వండి పెట్టింది, తను మాతో తినలేదు. పాప ఒంటికి ఇప్పుడేం పెడుతున్నారని మహేంద్రను అడిగింది. మాయిశ్చరైజర్ సీసా చూపిస్తే మూత తీసి వాసన చూసి, వాసనే లేదు గదా అంది. బస్సు వచ్చే గంట ముందు పాపను తీసుకుంది. బస్సు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

మాతో రమ్మన్నాను. సూద్దాం అంది.

మార్చి 3

రాలేదు. పగలు పాపను ఖమరున్నీసా ఆంటీ చూస్తోంది. ఆమెకూ అంతా చెప్పాను. చెప్పడం తేలికవుతుందేమో అనుకున్నాను, కాలేదు. ఆంటీ చేతిలోని తస్బీ పూసలు పక్కన పెట్టి, మాత్ర ఎన్ని గంటలకు ఇవ్వాలో కాగితం మీద రాసివ్వు బేటీ అంది.

రాసిచ్చాను. మూడుసార్లు చదివి ఇచ్చాను.

ఏప్రిల్ 12

ముఖం ఉబ్బు తగ్గింది. సన్నబడ్డ ముఖం చూసి, పిల్ల చిక్కిపోయిందేమిటని పిన్ని ఫోన్‌లో బాధపడింది. అదే అసలు ముఖం అని చెప్పాను.

మోచేతుల మడతల్లో ఎర్రబడింది. డాక్టర్ చెప్పిన క్రీమ్ వేలి కొన మీదికి పిండి, ఎరుపు ఉన్నంత మేరే పూయాలి. పిండాను. పూయలేకపోయాను. మహేంద్ర నా వేలు పట్టుకుని పూయించాడు. నాలుగు రోజులు. తగ్గింది.

అతను మాట్లాడుతున్నాడు ఇప్పుడు. మునుపటిలా కాదు. కానీ మాట్లాడుతున్నాడు.

జూన్ 13

పాప మొదటి పుట్టినరోజు. పాశమైలారం వైపు గాలి తిరిగింది, కిటికీలు మూసే ఉంచాం. అత్తమ్మ మొదటి బస్సుకే వచ్చింది. వచ్చీ రాగానే చీర మోకాళ్ల దాకా మడిచి బాత్రూంలో పీట మీద కూర్చుంది.

"నీళ్లు సూడు, సరిపోతయా" అని నన్ను పిలిచింది.

ముప్పై ఏళ్లుగా ఊరందరి పిల్లలకు నీళ్లు పోసిన మనిషి. బకెట్‌లో నా మోచేయి ముంచి, సరిపోతయి అత్తమ్మా అన్నాను. ఆమె ముంచలేదు. నా మాట మీదే పోసింది. ఐదు నిమిషాలైందా అని అడిగింది. అయింది అన్నాను. వెంటనే ఆపేసింది.

నన్ను శిక్షించడానికి అలా చేసిందని అనుకోను. ఆమెకు నిజంగానే తన చేతి మీద నమ్మకం పోయింది. అది నేను చేసిన పని. పాప ఒంట్లో హార్మోన్ తిరిగి వస్తుందని డాక్టర్ అంటోంది. దీనికి ఏ డాక్టరూ లేదు.

సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

జులై 21

రిపోర్టు వచ్చింది. హార్మోన్ నార్మల్. మాత్ర ఆపేయమన్నారు. పొడవు కూడా అందుకుంటోంది.

మహేంద్ర కారిడార్‌లో కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఆ కాగితాన్ని అలవాటు కొద్దీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. పేరు, వయసు, తేదీ. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

అత్తమ్మకు ఫోన్ చేశాను. మంచిది బిడ్డా అంది. కొమురయ్య చిన్న కోడలికి నెలలు నిండాయట. ఈసారి నీళ్లు పోయడానికి ఆమెనే రమ్మన్నారట. పోవాల్నా వద్దా అని నన్ను అడిగింది.

పొండి అత్తమ్మా అన్నాను.

ఆగస్టు 31, ఉదయం 7:05

అత్తమ్మ ఫోన్ చేసింది. కొమురయ్య ఇంటి నుంచే. పసిపిల్లకు చెంపల మీద, మెడ మీద తోలు తేడాగా ఉందట. తల్లిని ఎంత అడిగినా ఏం లేదు, ఏం పెట్టలేదు అంటోందట.

"ఈ పిల్ల నాకు చెప్తలేదు. నీకు చెప్తదేమో" అని ఫోన్ ఆ అమ్మాయి చేతికిచ్చింది.

అవతల ఊపిరి వినబడుతోంది.

నా పేరు చంద్రిక అని మొదలుపెట్టాను.